చేతికి కుదిరేది

లబ్బక్ ఊరి చివర, పత్తి జిన్నింగు మిల్లు దాటాక
టైర్ల కొట్టుకీ దోసెడంత చర్చికీ మధ్య
తుపాకుల దుకాణం.
ఆ ఎదురుగాలిలో తలుపు లాగడానికే
నాకు రెండు చేతులూ కావాల్సొచ్చింది.

చేతులే నా ఉద్యోగం.
విరిగినవీ, కొంకర్లు పోయినవీ, పక్షవాతంలో పని మరిచినవీ
నా బల్ల మీదికి వస్తాయి.
స్ప్రింగు నొక్కించి అంకె రాసుకుంటాను.
నా కుడి పిడికిలి యాభై రెండు పౌన్లు, ఎడమది నలభై ఏడు.
ఆ అంకెతో నాకెప్పుడూ పని పడలేదు,
ఆగస్టులో వెనక తలుపు అద్దం పగిలేదాకా.
పోయింది ఒక్క లాప్‌టాపే.
కానీ పోపుల డబ్బా మూత తీసి చూశారు.
గచ్చు మీద పసుపు అంటిన బూటు గుర్తు,
ఎంత తుడిచినా నా కళ్ళకి ఇంకా అక్కడే.

డార్లీన్ అద్దాల బల్ల వెనక నించుని
ముందు నా చేతులు చూసింది, మొహం తర్వాత.
నేను ఆమె బొటనవేలి మొదట్లో వాపు చూశాను.
"చిన్నదని మురిసిపోకు హనీ,
చిన్నవే ఎక్కువ తన్నుతాయి."
రెండోదాని స్లైడు వెనక్కి రానంది.
మూడోది ఐదు గుళ్ళ రివాల్వరు. ట్రిగ్గరు ఎంత మొండిదంటే
లాగేలోపు గురి పక్కవీధికి పోయొస్తుంది.
నాలుగోది తొమ్మిది మిల్లీమీటర్లది,
పెట్టీ పెట్టగానే అరచేతిలో ఒదిగిపోయింది.
అంత బాగా ఒదగడం నాకు నచ్చలేదు.

సంచిలో వద్దంది. దొంగ ముందు లాక్కునేది సంచినే.
నడుం దగ్గర, చొక్కా కింద, ఒరలో.
రొంటిన దోపుకున్న పొడుంకాయని
నడుస్తూ నడుస్తూ తడిమి చూసుకునే
మా అమ్మమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది.
ఎందుకో డార్లీన్‌కి చెప్పలేకపోయాను.
తుపాకికి పొడుంకాయ పోలిక ఏ భాషలో చెప్పను?

అప్పుడు రసీదు కాగితం వెనక్కి తిప్పి
"మీ ఇల్లు గియ్యి" అంది.
పడగ్గది గీశాను, నడవా, వంటిల్లు, గరాజు.
"ఇవి అట్టగోడలు. గుండుకి ఇవి గోడలు కావు.
ఇటు వెనక ఎవరు పడుకుంటారు?"
పక్కింటివాళ్ళ పసిపాప. మధ్యలో పదడుగుల గడ్డి.
"రాత్రిపూట లోపలికి ఎవరొస్తారు?"

ఒక్కడే. సారంగపాణి.
పేరులోనే విల్లుంది గాని
రాత్రంతా ఆస్పత్రి ల్యాబులో
పట్టుకునేది పరాయివాళ్ళ రక్తం సీసాలు.
మూడూ నలభైకి వస్తాడు.
మోటారు మూలుగుతుందని గరాజు తలుపు చేత్తో ఎత్తి,
బూట్లు అక్కడే విడిచి, దీపం వెయ్యకుండా
గోడ తడుముకుంటూ వస్తాడు,
నా నిద్ర చెడకూడదని, పదకొండేళ్ళుగా.
నాకు ఎప్పుడూ మెలకువే.
చెప్తే ఆ నడక మానేస్తాడని చెప్పలేదు.

డార్లీన్ పెన్సిలుతో గరాజు చుట్టూ సున్నా చుట్టింది.
ఏమీ అనలేదు.
ఆ సున్నా మీదే మళ్ళీ ఇంకోసారి చుట్టింది.

కొన్నాను. నాలుగోదే.
దానికన్నా ముందు వేలిముద్రకి తెరుచుకునే ఇనప్పెట్టె,
కళ్ళు చెదిరే టార్చిలైటు.
శనివారాలు రేంజికి వెళ్తున్నాను.
కాగితం మనిషి ఛాతీలో నా గుళ్ళన్నీ
ఇప్పుడు ఒక్క గుప్పిట్లో పడుతున్నాయి.
పక్క వరసలో ముసలాయన బొటనవేలు ఎత్తి చూపించాడు.
ఆ కీలు కూడా అరిగిపోయిందే.

ఇప్పుడు మూడూ నలభైకి
గరాజు మోటారు వీధంతా వినపడేలా మూలుగుతుంది.
నడవాలో దీపం. వంటింట్లో దీపం.
"నేనే హైమా, నేనే, నేనే" అనుకుంటూ
బూట్లతోనే వస్తాడు.
"ఊఁ" అంటాను, చెయ్యి దుప్పటి పైన పెట్టి,
అతనికి కనపడేలా.